బొమ్మా బొరుసుతో మా రైతు బుద్ధిని తూచకండి

(పంటల మీద, బీమా మీద, అప్పుల మీద పల్లెల్లో సర్వేలు చేసే ఆర్థిక శాస్త్రవేత్తలకు, ఆ నివేదికల ఆధారంగా విధానాలు రాసే వ్యవసాయ, ఆర్థిక శాఖల అధికారులకు బహిరంగ లేఖ)





అనంతపురం రైతుకు వివేకం లేదని మీరు తీర్పు చెప్పేశారు. చెప్పే మాట మాత్రం చోటును బట్టి మారుతుంది. సదస్సులో అయితే 'నష్టభయం ఎక్కువ' అంటారు. నివేదికలో 'హేతుబద్ధమైన నిర్ణయాలు తీసుకోవడం లేదు' అని రాస్తారు. సమీక్షా సమావేశంలో 'ఎన్నిసార్లు చెప్పినా వేరుశనగే వేస్తారు, వీళ్లు మారరు' అని విసుక్కుంటారు. అన్ని దారులూ చివరికి ఒక సిఫార్సు దగ్గరికే చేరతాయి: రైతులకు అవగాహన కల్పించాలి. లోపమంతా రైతు తలలోనే ఉందని తేల్చేశాక బీమాలో లోపమేమిటో, విత్తనంలో లోపమేమిటో, బ్యాంకులో లోపమేమిటో ఇక వెతికేదెవరు?

ఈ తీర్పును నేను ఒప్పుకోను. ఏ సాక్ష్యం మీద ఇచ్చారో చూసిన తర్వాత అసలే ఒప్పుకోను.

మీ ప్రశ్నలు ఎలా ఉంటాయో పల్లెల్లో అందరికీ తెలుసు. 'ఒక నాణెం ఎగరేస్తాం. ఒక పందెంలో బొమ్మ పడినా బొరుసు పడినా 50 రూపాయలు. ఇంకో పందెంలో బొమ్మ పడితే ఏమీ రాదు, బొరుసు పడితే 200. ఏది కావాలి?' 'ఈరోజు వెయ్యి రూపాయలు తీసుకుంటారా, ఏడాది ఆగి పదిహేను వందలు తీసుకుంటారా?' 'వాన వచ్చే అవకాశం నూటికి అరవై పాళ్లు అనుకోండి, ఈ రెండు పంటల్లో ఏది వేస్తారు?' వచ్చిన జవాబులు అంకెలుగా మారతాయి. ఖాయంగా వచ్చే 50 రూపాయలు కోరుకున్నవాడికి ధైర్యం లేదని, ఈరోజే వెయ్యి అడిగినవాడికి ఓపిక లేదని, రెండు ప్రశ్నలకు పొంతన లేని జవాబులిచ్చినవాడికి వివేకం లేదని రాసుకుంటారు.

ఈ మూడు సందర్భాల్లో ఒక్కటైనా ఈ పీఠభూమి మీద ఏ రైతుకైనా, ఏనాడైనా ఎదురైందా? రాయదుర్గంలోనో, కళ్యాణదుర్గంలోనో, కదిరిలోనో వాన అవకాశం నూటికి అరవై అని రాసిన చీటీ పట్టుకుని చేనుకు పోయిన మనిషిని చూపించగలరా?

మా ఊరి రచ్చకట్ట దగ్గర ఇలాంటి సర్వే జరుగుతుంటే నేను పక్కనే ఉన్నాను. ఏ సంస్థ సర్వే అన్నది ఇక్కడ అనవసరం. ట్యాబ్ పట్టుకొచ్చిన కుర్రాడు మర్యాదస్తుడు, ఎండలో నిలబడి ఓపిగ్గా అడిగాడు. చేటలో విత్తనం కాయ ఒలుచుకుంటున్న ఒక అవ్వకు వెయ్యి, పదిహేను వందల ప్రశ్న వేశాడు. ఆమె చేయి ఆపకుండానే, 'ఏడాదికి ఇచ్చేదెవరు నాయనా, నువ్వేనా? అప్పటికి మల్లా ఈ ఊరికొస్తావా?' అని అడిగింది. కుర్రాడు నవ్వి, 'వస్తాననుకో అవ్వా' అన్నాడు. 'అనుకుంటే వచ్చేదయితే పోయినేటి ఇన్సూరెన్సు దుడ్లు ఈ పొద్దుకు వచ్చుండాల కదప్పా' అంది ఆమె. కుర్రాడికి ఏం చేయాలో తోచలేదు. ట్యాబ్‌లో ఆ జవాబుకు గడి లేదు. 'ప్రశ్న అర్థం కాలేదు' అన్న గడి నొక్కి పక్కింటికి వెళ్లిపోయాడు.

అయ్యా, ఆ ప్రశ్న ఆమెకు అక్షరాలా అర్థమైంది. ఇస్తానన్నది ఎవరో, ఇవ్వకపోతే ఎవరి గుమ్మం తొక్కాలో తేలకుండా ఏడాది తర్వాత వచ్చే పదిహేను వందలకు విలువ కట్టలేనని ఆమె చెప్పింది. అప్పుకు పోతే బ్యాంకు మేనేజరు అడిగేదీ అదే గదా, పూచీ ఎవరు అని? బ్యాంకు అడిగితే అది జాగ్రత్త, అవ్వ అడిగితే అది తెలివితక్కువతనమా? మీ నివేదిక చివరి పట్టికలో 'అర్థం కాలేదు' అన్న వరుసలో ఇలాంటి అవ్వలు ఎందరున్నారో మీరెప్పుడైనా విచారించారా?

ఇక వాన సంగతి. నాణేనికి రెండే ముఖాలు, రెండూ ముందే తెలిసినవి. ఒకసారి ఎగరేస్తే ఆట ముగుస్తుంది. మా వానకు ఇందులో ఏ లక్షణమూ లేదు. నైరుతి మబ్బులకు పడమటి కనుమల చాటున, ఈశాన్యపు మబ్బులకు తీరానికి దూరంగా పడిపోయిన నేల మాది. ఏడాది సగటు 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, అందులోనూ సెప్టెంబరు వాటాయే పెద్దది. ఆ సగటు మీ పట్టికలో కనిపిస్తుందే గాని చేలో కనిపించదు. జూన్‌లో ఒక్క వాన దంచి, జులై అంతా ఎండగాసి, సెప్టెంబరులో కుమ్మరించినా సగటు సగటుగానే ఉంటుంది. పంట మాత్రం ఉండదు. ఎద్దుకు ఒక కొమ్ము తడిసి ఇంకో కొమ్ము తడవని వానలు ఇక్కడివి. మండల కేంద్రంలో వర్షమాపకం నిండిన రోజున రెండు మైళ్ల అవతల దుమ్ము లేస్తూ ఉంటుంది.

అలాంటి చోట రైతు ఏం చేస్తాడో ఒకసారి దగ్గరికి వచ్చి చూడండి. జూన్ చివరో జులైలోనో ఒక పదును వాన పడుతుంది. తెల్లారి చేనికి పోయి కాలితో మట్టి తోడి చూస్తాడు. తడి జానెడు దిగిందా, పైపైనే ఆగిందా? పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కడుతోందా, వేళ్ల సందుల్లోంచి రాలిపోతోందా? ఎర్ర గరుసు నేల, పదును రెండు మూడు రోజులు నిలిస్తే గొప్ప. ఈ లోపల గొర్రు దొరకాలి, ట్రాక్టరు దొరకాలి, ఒలిచిన విత్తనం ఇంట్లో ఉండాలి. అన్నీ అమరినా, చేనంతా ఈ పదునుకే విత్తేయాలా, సగం విత్తి సగం ఇంకో వానకు ఉంచుకోవాలా? వేరుశనగ మధ్యలో కంది ఎన్ని సాళ్లకొకటి వేయాలి? గట్టు పక్క గుంటలో నాలుగు అలసందలో అనుములో పెట్టాలా? విత్తాక నెలకు పూత వస్తుంది. ఆ తర్వాత ఊడలు దిగే వేళకు నేల బిగిసిపోతే ఊడ లోపలికి పోలేక పైనే ఎండిపోతుంది. అప్పుడు కలుపు తీయించడానికి ఇంకా కూలి పెట్టాలా, కాయ మీద ఆశ వదులుకుని కట్టె దక్కితే చాలని ఊరుకోవాలా? ఆగస్టు నడిమికి కూడా విత్తే వాన రాకపోతే వేరుశనగ మాట మరిచి ఉలవో, జొన్నో, పెసరో వెతుక్కోవాలి. ఆ విత్తనాలు ఆ వారంలో అందుబాటులో ఉన్నాయా లేదా అన్నది మళ్లీ మీ శాఖ చేతిలో ఉంది.

ప్రతి వానకూ, వాన రాని ప్రతి వారానికీ మారుతూ పోయే నిర్ణయాల వరుస ఇది. ఎంత పెట్టాలి, ఎక్కడ ఆపాలి, ఏది వదులుకోవాలి అన్న లెక్క రోజూ నడుస్తూనే ఉంటుంది. వివేకమనేది ఉంటే ఇక్కడే ఉంది, చూడదలిస్తే ఇక్కడే కనిపిస్తుంది. మీ పందెంలో ఒకసారి ఎంచుకున్నాక నాణెం నేల తాకేదాకా మనిషి చేయగలిగింది ఏమీ లేదు. మా సేద్యం మొత్తం నాణెం గాల్లో ఉండగా చేసే పని. ఆ పనినంతా తీసేసి, మిగిలిన దాన్ని కొలిచి, మనిషిని కొలిచామంటే ఎలా నమ్మేది?

మీ శాస్త్ర చరిత్రలోని ఒక సంగతి మీకే గుర్తు చేయాల్సి వస్తోంది. 1952లో పారిస్‌లో జరిగిన ఒక సదస్సు సందర్భంగా మోరిస్ అల్లే అనే ఫ్రెంచి ఆర్థికవేత్త ఇలాంటి పందేల ప్రశ్నలే లియొనార్డ్ శావేజ్ ముందు పెట్టాడు. పది కోట్ల ఫ్రాంకులు ఖాయంగా కావాలా, లేక యాభై కోట్లు వచ్చే వీలుతోపాటు ఏమీ రాకుండా పోయే చిన్న ప్రమాదం కూడా ఉన్న పందెం కావాలా అని మొదలయ్యే జంట ప్రశ్నలవి. శావేజ్ అంటే సామాన్యుడు కాదు, హేతుబద్ధంగా ఎంచుకోవడమంటే ఏమిటో సూత్రాలు కూర్చిన పండితుడు. ఆయన ఇచ్చిన జవాబులు ఆయన సూత్రాలనే తప్పాయి. 1954లో వచ్చిన తన గ్రంథంలో ఆయనే ఆ సంగతి రాసుకున్నాడు. తర్వాత తీరిగ్గా ఆలోచించి, తన మొదటి జవాబు సరికాదనుకుని దిద్దుకున్నానని కూడా రాశాడు.

అప్పుడు ఎవరైనా శావేజ్‌కు వివేకం లేదన్నారా? ఆయనకు అవగాహన కల్పించాలని సిఫార్సు చేశారా? లేదు. ఆలోచించుకునే వ్యవధి ఆయనకు దొరికింది. జవాబు మార్చుకునే హక్కు దొరికింది. తన మాట తానే చెప్పుకునే పుస్తకం దొరికింది. ట్యాబ్ మీద ఒక్క గడి నొక్కేశాక మా అవ్వకు వీటిలో ఏది మిగిలింది? ఇంకా ముఖ్యమైన తేడా ఒకటుంది. అల్లే ప్రశ్న పరీక్షించింది సూత్రాలను. మనుషుల ఎంపికకూ సూత్రానికీ పొత్తు కుదరకపోతే సూత్రాన్నే అనుమానించాలన్నది ఆయన వాదం. ఆ వాదం చేసిన అల్లేకు తర్వాత, 1988లో, నోబెల్ బహుమతి వచ్చింది. కాబట్టి ఊహలో ప్రశ్నలు వేయడమే తప్పని నేననడం లేదు. సిద్ధాంతం ఎక్కడ విరుగుతుందో చూడడానికి వాటిని మించిన పనిముట్టు లేకపోవచ్చు. ఆ పనిముట్టును సిద్ధాంతం మీద నుంచి తీసి మా రైతు నెత్తిన పెట్టే అధికారం మీకు ఎక్కడి నుంచి వచ్చింది?

మన తెలుగు నేల మీదే జరిగిన పని ఒకటి ఉంది, దాన్నయినా గౌరవించండి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధనా సంస్థ 1975 నుంచి కొన్ని పల్లెలను ఏళ్ల తరబడి పరిశీలించింది. మాలాంటి కరువు నేల అయిన ఉమ్మడి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలోని ఔరేపల్లె, దోకూరు వాటిలో ఉన్నాయి. ఆ పల్లెల్లో, మహారాష్ట్ర పల్లెల్లో హన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త రైతులు ప్రమాదాన్ని ఎలా ఎదుర్కొంటారో తెలుసుకోవాలనుకున్నారు. నోటిమాట ప్రశ్నలతో ఆగకుండా నిజం డబ్బు పెట్టి పందేలు ఆడించారు. పైన నేను చెప్పిన 50, 200 రూపాయల పందెం ఆయనదే. ఆనాటి పల్లె కూలి లెక్కన 50 రూపాయలంటే ఎన్నో రోజుల రెక్కల కష్టం. ఒక పందేనికీ ఇంకో పందేనికీ నడుమ ఆలోచించుకునే వ్యవధి కూడా ఇచ్చారు. 1980లో ఆయన వ్యాసం వెలువడింది. నోటిమాట జవాబులకూ నిజం డబ్బు దగ్గర ప్రవర్తనకూ పొంతన లేదని అందులో తేలింది. మొత్తం పెద్దదయ్యే కొద్దీ ఉన్నవాళ్లు, లేనివాళ్లు అన్న తేడా పెద్దగా లేకుండా అందరూ ఇంచుమించు ఒకే మోస్తరు జాగ్రత్త చూపించారు. అందుకే ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు: ఒక రైతు పెట్టుబడి పెట్టడానికీ ఇంకో రైతు పెట్టకపోవడానికీ కారణం వాళ్ల మనస్తత్వంలో లేదు, అప్పు ఎవరికి పుడుతుంది, మార్కెట్టు ఎవరికి అందుతుంది, వ్యవసాయ సలహా ఎవరి గడప దాకా వస్తుంది అన్నదాంట్లో ఉంది.

నలభై ఏళ్లు దాటింది. ఆయన పందేన్ని మాత్రం చంకన పెట్టుకుని ఊరూరా తిరుగుతున్నారు. ఆయన తేల్చిన సంగతిని ఎక్కడ వదిలేశారు?

బీమా దగ్గరికి వస్తాను, ఎందుకంటే మీ ఆక్షేపణల్లో పెద్దది అదే. 'కరువు జిల్లా, అయినా బీమా కట్టమంటే వెనక్కి తగ్గుతారు, ఇంతకన్నా అవివేకం ఉంటుందా' అంటారు. 2003లో బేసిక్స్ అనే సూక్ష్మరుణ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ బీమా కంపెనీ కలిసి ప్రపంచ బ్యాంకు సాంకేతిక సాయంతో పాలమూరులో వర్షపాతం ఆధారంగా పరిహారమిచ్చే బీమా మొదలుపెట్టాయి. తర్వాత అది అనంతపురానికీ వచ్చింది. జూన్ 1 నుంచి కురిసిన వాన మొత్తం 50 మిల్లీమీటర్లు దాటిన రోజున పాలసీ మొదలయ్యేది. కాలాన్ని మూడు దశలు చేసి, మొదటి రెండు దశల్లో వాన తగ్గితే, కోత దశలో వాన మితిమీరితే డబ్బు ఇచ్చేవారు. కాగితం మీద చక్కని ఆలోచన. జేవియర్ జీనే, రాబర్ట్ టౌన్‌సెండ్, జేమ్స్ వికరీ అనే పరిశోధకులు ఈ రెండు జిల్లాల రైతులను అడిగి 2008లో వ్యాసం రాశారు. రైతు స్వభావాన్ని కొలవడానికి వాళ్లూ బిన్స్‌వాంగర్ తరహా పందేలే వాడారు. పాఠ్యపుస్తకం ప్రకారం నష్టమంటే భయపడేవాడు ముందుగా బీమా కొనాలి. ఇక్కడ తారుమారైంది. పందెంలో ఎక్కువ జాగ్రత్త చూపినవాళ్లే బీమా తక్కువగా కొన్నారు. ముఖ్యంగా బేసిక్స్‌తో, బీమాతో ముందు పరిచయం లేనివాళ్లు.

ఆ పరిశోధకులు దీన్ని రైతు అవివేకమని కొట్టిపారేయలేదు, అందుకు వాళ్లను మెచ్చుకోవాలి. తర్వాతి ఏళ్లలో షాన్ కోల్ తదితర పరిశోధకులతో కలిసి పరిస్థితులనే మార్చి చూశారు. నమ్మకమున్న స్థానిక మనిషి పక్కన నిలబడి పరిచయం చేస్తే, బేసిక్స్ ముందే తెలిసిన ఊళ్లలో కొనేవాళ్లు పెరిగారు. చేతిలో ఒక పాలసీకి సరిపడా వంద రూపాయలు పెడితే కొనేవాళ్లు బాగా పెరిగారు. ఎందుకు కొనలేదంటే ఎక్కువ మంది చెప్పిన కారణం డబ్బు లేకపోవడమే. 2013లో అచ్చయిన ఈ వ్యాసం చదివాకైనా 'అవగాహన లేదు' అన్న మాట మీ నోట ఎలా వస్తోంది? విత్తనానికీ ఎరువుకూ చేబదుళ్లు తిరిగే జూన్ నెలలోనే ప్రీమియం అడుగుతారు. ఇచ్చే డబ్బు ఎప్పుడొస్తుందో చెప్పరు. తన చేను ఎండినా మండల కేంద్రంలో వాన పడితే పైసా రాదని తెలిసిన రైతుకు ఆ పాలసీ భద్రత అవుతుందా, ఇంకో పందెం అవుతుందా? జాగ్రత్తపరుడు ఆ పందెం ఆడకపోవడంలో మీకు ఆశ్చర్యమెందుకు?

పైగా మీరు పెట్టిన పేర్లు, మార్చిన నిబంధనలు ఒకటా రెండా. 1985లో సమగ్ర పంటల బీమా. 1999లో జాతీయ వ్యవసాయ బీమా. ఆ తర్వాత వాతావరణ ఆధారిత బీమా. 2016లో ప్రధానమంత్రి ఫసల్ బీమా. 2019 నుంచి రాష్ట్రంలో ఉచిత బీమా, 2020లో కేంద్ర పథకం నుంచి బయటికి రావడం, 2022లో మళ్లీ లోపలికి పోవడం. ఒక ప్రభుత్వం ప్రీమియమంతా తానే కడతానంటే, ఇంకో ప్రభుత్వం నీ వాటా నువ్వే కట్టుకోమంటుంది. మీరే నిలకడగా ఉండలేని ఆటలో రైతు నిలకడగా ఎంచుకోవాలా?

ఇక వేరుశనగ. మా మీద వేసిన పెద్ద నింద ఇది. ఉమ్మడి జిల్లాలో ఒకప్పుడు ఏడెనిమిది లక్షల హెక్టార్లకు పాకిన పంట. దీన్ని మూఢత్వమని రాసేముందు, ఈ పంట ఇక్కడికి ఎలా పరుచుకుందో మీ శాఖ దస్త్రాల్లోనే చూడండి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదవాడి కడుపు నిండింది, మంచి పనే. దాంతోపాటు కొర్ర, జొన్న తినేవాళ్లు తగ్గిపోయారు. 1986లో కేంద్రం నూనెగింజల సాంకేతిక మిషన్ పెట్టి, పండించండి దేశానికి నూనె కావాలంది. ధర బాగుంది, రైతు పండించాడు. 1990ల నడుమ పామాయిల్ దిగుమతులకు తలుపులు బార్లా తెరిచారు, ధర పడిపోయింది. అప్పటికి రైతు ఇంటి విత్తనం, ఇంటి అప్పు, ఇంటి పశువు అన్నీ వేరుశనగతో ముడిపడిపోయాయి.

ఈనాటికీ ఖరీఫ్ ముందు మీరు రాయితీ మీద పంచే విత్తనాల్లో పెద్ద వాటా వేరుశనగదే. కదిరి పరిశోధనా స్థానం ఏళ్ల తరబడి శ్రమించి కె-6 వంటి రకాలు తెచ్చింది ఈ పంటకే. బ్యాంకు పంట రుణం లెక్కగట్టడానికి అలవాటుపడింది ఈ పంటకే. కేంద్రం ప్రకటించే మద్దతు ధరల జాబితాలో వేరుశనగ ఉంది, కొర్ర లేదు. వాన తప్పి కాయ పోయినా వామికి కట్టె మిగులుతుంది, ఆవులు బతుకుతాయి. బెట్టకు వాడినట్టే వాడి, ఒక వాన పడగానే మళ్లీ తేరుకునే పంట ఇది. రాయితీ విత్తనం, అప్పు, బీమా, మేత, ధర అన్నీ ఒకే వైపు చూపిస్తుంటే ఆ వైపు నడిచిన మనిషిది మొండితనమా? మీ ప్రశ్నపత్రంలో 'వేరుశనగా, చిరుధాన్యమా' అని రెండు గడులుంటాయి. ఆ రెండు గడుల వెనుక ఉన్న విత్తన గోదాము, బ్యాంకు కౌంటరు, దంచే మిల్లు, కొనే వ్యాపారి ప్రశ్నలో ఎందుకు ఉండరు? ఇంకో సంగతి కూడా గమనించండి. 2017లో వచ్చిన కోల్, జీనే, వికరీల పరిశోధన ప్రకారం, బీమా నిజంగా చేతికి అందిన రైతులు ఈ మెట్టప్రాంతంలో వేరుశనగ, ఆముదం వంటి ఎక్కువ ఆదాయం, ఎక్కువ ప్రమాదం ఉన్న పంటల వైపు మొగ్గారు. మీరు పరిస్థితి మారిస్తే రైతు ఎంపిక మారుతుందని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

చీనీ (బత్తాయి) తోటల బోర్ల గురించీ ఇలాగే మాట్లాడతారు. బోరు మీద బోరు వేసి ఇల్లు గుల్ల చేసుకుంటున్నారని, పోయిన డబ్బు వెంట ఉన్న డబ్బును తోలుతున్నారని. ఈ పాఠం చెప్పడానికి మీ తరగతుల్లో వాడే ప్రశ్న ఒకటుంది: టికెట్టు కొన్న సినిమా నచ్చకపోతే మధ్యలో లేచి వచ్చేస్తారా, డబ్బు పెట్టాం కదా అని చివరిదాకా కూర్చుంటారా? సినిమాకూ తోటకూ ఉన్న దూరం మీకు కనిపించడం లేదా? నాలుగైదేళ్లు బిడ్డల్లా సాకిన చెట్లు కాపుకొచ్చిన వేసవిలో బోరు ఎండిపోతుంది. రైతు ముందున్నది పోయిన డబ్బు లెక్క కాదు. ఈ ఎండాకాలం గట్టెక్కితే ఇరవై ఏళ్లు కాసే చెట్లు, గట్టెక్కకపోతే పొయ్యిలోకి పోయే కట్టెలు. ఆ రెండింటి నడుమ మిగిలింది ఒక బోరు. నీళ్లు పడతాయా లేదా చెప్పే భూగర్భజల సర్వే నమ్మదగిన విధంగా, అందే ధరకు ఇచ్చారా? ట్యాంకరు నీళ్లకు సాయం చేశారా? ఇవి లేని చోట ఇంకో బోరు వేయడం తప్పుడు నిర్ణయమే కావచ్చు, అప్పుల్లో కూరుకుపోయిన కుటుంబాలు ఈ జిల్లాలో ఎన్నో ఉన్నాయి, వాళ్ల కష్టాన్ని నేను చిన్నది చేయను. కానీ ఆ తప్పు మీరనుకునే తప్పు కాదు. సినిమా టికెట్టు పాఠంతో దాన్ని సరిదిద్దలేరు.

మీరు రాసే వాక్యం ఎంత దూరం పోతుందో మీకు తెలియనిది కాదు. 'రైతులు నష్టభయంతో కొత్త పంటలకు మారడం లేదు' అని మీరు రాస్తే, విత్తన ప్రణాళికలో చిరుధాన్యాల కోటా పెంచాల్సిన అధికారి ఆ వాక్యం చూపించి అవగాహన సదస్సు పెట్టి చేతులు దులుపుకుంటాడు. 'రైతులు బీమా విలువ గుర్తించడం లేదు' అని రాస్తే, పరిహారం ఆలస్యానికి జవాబు చెప్పాల్సిన కంపెనీకి అది కవచమవుతుంది. 2004లో జయతీ ఘోష్ అధ్యక్షతన రాష్ట్ర ప్రభుత్వమే వేసిన రైతు సంక్షేమ కమిషన్ సంక్షోభం వేళ్లను ప్రభుత్వ విధానాల్లో, రైతుకు అండగా ఉండాల్సిన సంస్థలు కూలిపోవడంలో చూపించింది. ఆ వేళ్లను మళ్లీ రైతు తలలోకి మార్చి నాటుతున్నది మీ అంకెలే.

అందుకే కొన్ని కోరుతున్నాను. ఇవి ప్రాధేయపడటాలు కావు, ప్రజల సొమ్ముతో, ప్రజల మీద పని చేసేవాళ్లుగా మీ బాధ్యతలు. రైతు ఎంపికను చదవదలిస్తే మార్చిలో రచ్చకట్ట మీద కాదు, పదును పడిన మర్నాడు చేలో చదవండి. ఒక్క మధ్యాహ్నం కాదు, మంచి ఏడూ చెడ్డ ఏడూ రెండూ చూసేదాకా చదవండి. ఇక్రిశాట్ పల్లెల్లో అది సాధ్యమైంది, మీకు ఎందుకు కాదు? ఊహా ప్రశ్న అడిగితే 'ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు' అన్న ఎదురు ప్రశ్నకూ ట్యాబ్‌లో ఒక గడి పెట్టండి. దాన్ని 'అర్థం కాలేదు' కింద తోసేయకండి. తేలినదాన్ని అదే ఊరి గ్రామసభలో తెలుగులో చదివి వినిపించండి. శావేజ్‌కు దక్కిన రెండో ఆలోచన మా వాళ్లకూ దక్కనివ్వండి. ఏ మండలంలో, ఏ పంటకు, ఏ తేదీన పరిహారం జమ అయిందో ఆ పట్టిక పక్కన లేకుండా బీమా విషయంలో రైతు తెలివి గురించి ఒక్క వాక్యం కూడా రాయకండి.

వ్యవసాయ శాఖ అధికారులకు ఇంకొక్క మాట. వచ్చే ఖరీఫ్ బీమా నోటిఫికేషన్ మీ బల్ల మీదకు వచ్చినప్పుడు, మీ జీతంలోంచి అదే ప్రీమియం కట్టి, మీ ఇంటికి దూరంగా ఉన్న వర్షమాపకం అంకె మీద, తేదీ చెప్పని పరిహారం కోసం మీరు ఆ పాలసీ కొంటారా అని మిమ్మల్ని మీరే అడగండి. ఇది ఊహా ప్రశ్న కాదు. ఈ జిల్లాల్లో ప్రతి జూన్‌లోనూ లక్షల మంది ముందుకు వచ్చే ప్రశ్న. మీ జవాబు 'కొనను' అయితే నోటిఫికేషన్ మార్చండి.

ఈ లేఖకు జవాబు రాస్తే తెలుగులో రాయండి. మా పంచాయతీ గ్రామసభలో చదివి వినిపించి, వాళ్లు అడిగిన ప్రశ్నలు తిరిగి మీకు పంపే బాధ్యత నేను తీసుకుంటాను.

ఇట్లు,
ఒక వేరుశనగ రైతు కుటుంబీకుడు,
అనంతపురం జిల్లా